పది ఎర్రగీతలు

మా ల్యాబులో హాజరు రిజిస్టరు మీద నాకున్నంత పట్టింపు జిల్లా కలెక్టరుకు కూడా ఉండి ఉండదు. ఎనిమిదింటికి పని మొదలు. ఎనిమిదీ పది దాటాక వచ్చినవాళ్ల పేరు పక్కన ఎర్ర సిరాతో అడ్డగీత గీసేవాణ్ని. మూడు గీతలకు ఒక సెలవు కోత. ఈ రూలు నేను పెట్టింది కాదు, సర్కారుదే. నాకు ముందున్న ఆఫీసర్లు చూసీ చూడనట్టు వదిలేశారు, నేను వదల్లేదు. ముక్కు మీద కోపం అనే మాట నీకోసమే పుట్టిందిరా అని మా అమ్మ అనేది.

ఇది పంతొమ్మిది వందల ఎనభై మూడు, సెప్టెంబరు నాటి సంగతి. నా పేరు సారంగపాణి. అప్పుడు నాకు ముప్పై నాలుగేళ్లు. వరంగల్లో పశువుల జబ్బుల మీద పరిశోధన చేసే ఒక చిన్న ల్యాబుకు ఆఫీసరుని. చిన్నది అంటే మాటవరసకు కాదు. రెండు గదులు, ఒక మైక్రోస్కోపు, కరెంటున్నప్పుడు చల్లబడే ఫ్రిజ్జు. నా కింద ఇద్దరు పనివాళ్లు. అందులో టెక్నీషియను ఏడాదిలో సగం రోజులు డెప్యుటేషన్ మీద హైదరాబాదులోనే ఉండేవాడు. మిగిలింది అటెండరు కట్టయ్య ఒక్కడే.

కట్టయ్యకు యాభై దాటాయి. నేను కాలేజీలో చేరకముందు నుంచే ఆ ల్యాబులో ఉన్నాడు. చచ్చిన పశువు పుర్రెను పగలగొట్టి, లోపలి మెదడు చెక్కుచెదరకుండా తీసి పళ్లెంలో పెట్టడంలో అతనికి సాటి వచ్చేవాణ్ని నేనింతవరకు చూడలేదు. చదువు నాలుగో తరగతి. నేను మాత్రం కొత్తవాడ మగ్గాల మధ్య పుట్టి, మా నాయన నేసిన చీరల మీద చదువుకుని, మా వాడలో మొదటి పశువుల డాక్టరునై, పైన ఇంకో డిగ్రీ కూడా చేసి వచ్చినవాణ్ని. ఆ పొగరు నాకు ఉండేది. లేదని అబద్ధం చెప్పను.

అప్పట్లో నన్ను ఒక ఆలోచన పట్టుకుని పీడించేది. ఆ ఏడు నర్సంపేట అవతల ఒక పల్లెలో నెల రోజుల్లో మూడు బర్రెలు ఒకే తీరుగా చనిపోయాయి. మేత మానడం, నోటినిండా సొంగ, వెనక కాళ్లు తూలడం, నాలుగైదు రోజుల్లో పడిపోవడం. చుట్టూ వరి మళ్లు, మళ్లనిండా నీళ్లు, నీళ్లనిండా దోమలు. దోమల వల్ల మనుషులకు వచ్చే మెదడువాపు గురించి పై దేశపు పత్రికల్లో చదివి ఉన్నాను. అలాంటి వైరసే బర్రెల్లోకి కొత్తగా దూరిందని, దాన్ని మొదట పట్టుకునేది నేనేనని నా నమ్మకం. పేపరు పేరు కూడా ముందే రాసి పెట్టుకున్నాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అన్నట్టుండేది నా వరస.

ఒక మంగళవారం అదే ఊరి నుంచి నాలుగో బర్రె కబురు వచ్చింది. జీపులో నేనూ కట్టయ్యా వెళ్లాం. బర్రె రాజవ్వది. రాజవ్వకు అరవై ఉంటాయి. మనుషులెవరూ మిగలక, ఆ బర్రె పాలు పోసి బతికే మనిషి.

బర్రె గుంజకు కట్టి ఉంది. సొంగ నేలదాకా సాగుతోంది. అరవబోతే గొంతు బొంగురుపోయి గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఎదురుగా మనిషి నిలబడ్డా అవతల ఇంకేదో చూస్తున్నట్టు చూస్తోంది. మాటిమాటికీ ముక్కుతోంది.

"మూడు దినాల సంది గడ్డిపోచ ముట్టలే సారూ," అంది రాజవ్వ. "గొంతుల మక్కకంకి అడ్డం వడ్డదేమో అని నేనే చెయ్యి వెట్టి దేవులాడిన. ఏం దొరకలె."

"నేను చూస్త ఉండవ్వా," అని చొక్కా చేతులు పైకి మడిచాను. పొడుగు గ్లౌజులు ఆ నెల సప్లయి రాలేదు. కట్టయ్య బర్రె నాలుకను పక్కకు లాగి పట్టుకున్నాడు. నేను మోచేతి దాకా లోపలికి పెట్టి గొంతంతా తడిమాను. ఏమీ లేదు. చెయ్యి తీస్తుంటే వెనక దంతం అంచు నా మణికట్టు మీద గీరింది. పిల్లి గోకినంత గీత. నీళ్లతో కడుక్కుని తువ్వాలుతో తుడుచుకున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మింగలేక సొంగ కార్చే పశువును చూస్తే మా పల్లెల్లో ఎవరికైనా మొదట తోచేది గొంతులో ఏదో అడ్డం పడిందనే. రైతు చెయ్యి పెడతాడు, పక్కింటివాడు పెడతాడు, ఆఖరికి డాక్టరు కూడా పెడతాడు. రాజవ్వకు తెలియక పెట్టింది. నేను తెలిసీ పెట్టాను.

"సారూ, ఒక మాట," అంది రాజవ్వ. "తొలి ఏకాశి ఎల్లినంక ఒక పొద్దు మందల నక్క వడ్డది. పట్టపగలు. నక్క పగటీలి మందల వడుడు నా పుట్టువుల సూడలే."

"నీ బర్రెను కరిచిందా? నువ్వు చూసినవా?"

"నా కండ్లతోని సూడలే. ఇది నక్క పిచ్చే అని నా మనుసు చెప్తాంది."

ఒళ్లంతా వెతికాను. గాయం మచ్చ కూడా కనిపించలేదు. "పిచ్చి లేస్తే మనుషుల మీదికి ఉరుకుతది అవ్వా. ఇది చూడు, ఎంత సాధువు లెక్క నిలవడ్డదో," అని నవ్వాను. పిచ్చిలో, అంటే రేబీస్‌లో, మీదికి ఉరకనిది కూడా ఉంటుందని, గొడ్లలో అది తక్కువేమీ కాదని, నక్క కరిచిన గాయం మాని మచ్చ మాసిపోయాకే రోగం బయటపడుతుందని పుస్తకంలో ఉంది. ఆ పేజీ నేను చదవలేదని కాదు. చదవడమే కాదు, కాలేజీలో ఉన్నప్పుడు కింది తరగతి పిల్లలకు పాఠం కూడా చెప్పాను. ఆ రోజు ఆ పేజీ నాకు అక్కర్లేదు, అంతే.

 తిరుగు దారిలో ఊరు దాటాక కట్టయ్య మెల్లగా అన్నాడు. "సార్, అవ్వ చెప్పింది జర ఆలోచన చెయ్యాలె. నాకు గూడ పిచ్చి లెక్కనే కొడ్తాంది."

"నువ్వెప్పటి సంది డాక్టరువైనవ్ కట్టయ్యా?"

సంచిలోంచి పత్రిక తీసి, కదిలే జీపులో, ఇంగ్లీషు రాని మనిషికి, దోమ బొమ్మా మెదడు బొమ్మా చూపించాను. కట్టయ్య బొమ్మలు చూసి "అచ్ఛా సార్" అన్నాడు.

గురువారం పొద్దున బర్రె చనిపోయింది. మేం వెళ్లేసరికి రాజవ్వ దాని కొమ్ముల మధ్య పసుపు పెట్టి కూచుని ఉంది. తలకాయ కోయాలంటే ఒప్పుకోదేమోనని భయపడ్డాను. ఆమె కన్నీళ్లు తుడుచుకుని సూటిగా నన్నే చూసింది.

"కోసుకోండ్రి. గని ఏంతోని సచ్చిందో నాకు చెప్పాలె. ఆ మూడు బర్రెలోళ్లకు ఎవ్వలు చెప్పలే. నాకు చెప్పాలె."

"చెప్త అవ్వా. నేనే వచ్చి చెప్త," అన్నాను.

కట్టయ్య గొడ్డలి పట్టేముందు ఒక పని చేశాడు. రెండు యూరియా సంచుల లోపలి కవర్లు తీసి చేతులకు మోచేతుల దాకా కట్టుకున్నాడు. మూతికి తువ్వాలు చుట్టుకున్నాడు. నాకూ రెండు కవర్లు ఇచ్చాడు.

"ఏందయ్యా ఈ వేషం, పెండ్లికొడుకు లెక్క?" అని నవ్వాను. నేను కట్టుకున్నాను కానీ అతని మాట కాదనలేక కాదు, బట్టలు పాడవుతాయని. పని మధ్యలో అతను నీళ్లు తాగొస్తానని ఊళ్లోకి వెళ్లి పావుగంటకు గాని రాలేదు. దానికీ విసుక్కున్నాను.

ల్యాబుకు వచ్చాక మెదడు పళ్లెంలో ఉంది. కట్టయ్య గాజు పలకలు కడిగి, తుడిచి, నా ముందు పెట్టాడు. "సార్, పాత సార్లు గాజు మీద అద్ది, రంగేసి, అర్ధగంటల సూసేటోళ్లు. ఒక్కటి అద్ది సూత్తమా?"

అరగంట పని. రంగు సీసా బీరువాలోనే ఉంది. ఇప్పటికీ రోజుకోసారి ఆ అరగంట నాకు గుర్తొస్తుంది. "అది పిచ్చికుక్కలకు చేసే పరీక్ష. ఇది వేరే కథ," అన్నాను. మెదడులో సగం గ్లిజరిన్లో వేసి హైదరాబాదుకు పంపించాను, వైరసును పట్టమని. మిగతా సగం ఫార్మలిన్లో వేశాను. దాన్ని మైనంలో పోసి, పల్చగా కోసి, రంగులద్ది, పేపరులో అచ్చువేయదగ్గ ఫోటోలు తీయాలి. అందుకు వారం పైనే పడుతుంది.

ఆ వారం నేను మనిషిని కాను. కరెంటు పోతే మైనం గడ్డకట్టేది, మళ్లీ కరిగించాలి. పోస్టుమాను కనిపిస్తే గేటు దాకా ఎదురెళ్లేవాణ్ని. కుర్చీలో కూచుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. నా భార్య పురిటికి స్టేషన్ ఘన్‌పూర్‌లో పుట్టింట్లో ఉంది. ఆమెకు ఉత్తరం మొదలుపెట్టి, రెండు వాక్యాలు రాసి, మూడో వాక్యంలో బర్రె మెదడు గురించి రాస్తున్నానని చూసుకుని చింపేశాను.

ఆ కోపమంతా కట్టయ్య మీద పడింది. ఎందుకంటే పద్ధెనిమిదేళ్లలో ఏనాడూ ఆలస్యం చేయని మనిషి, మేం మొదటిసారి ఊరికి వెళ్లొచ్చిన మర్నాడు, ఆ బుధవారం నుంచి రోజూ తొమ్మిదింటికి రావడం మొదలుపెట్టాడు. మొదటి రోజు గీత గీశాను. రెండో రోజు గీత గీసి అరిచాను. నాలుగో గీత గీసే రోజు అడిగాను.

"ఏమైంది కట్టయ్యా? ఇంట్ల ఏమన్న లొల్లా?"

"చుట్టం వచ్చింది సార్. పొద్దుగాల జర పనుంటాంది."

"చుట్టాలకు వండి పెట్టనీకి ఇంట్ల ఆడమనిషి లేదా?"

తల వంచుకుని సీసాలు కడగడానికి వెళ్లిపోయాడు. రెండో వారం సగానికి వచ్చేసరికి నడకలో కూడా తేడా వచ్చింది. ఒక చెయ్యి పొట్టకు ఆనించుకుని, ముందుకు వంగి నడిచేవాడు. బల్ల జరపమంటే ఆగి ఊపిరి తీసుకునేవాడు.

"కడుపు నొస్తాంది సార్."

"కల్లు జర తక్కువ తాగు," అన్నాను. వినడానికి ఎవరూ లేని గదిలో అన్నాను కాబట్టి సరిపోయింది. లేకపోతే ఇంకో మనిషి ముందు కూడా సిగ్గుపడాల్సి వచ్చేది. ఆ శుక్రవారమే మెమో టైపు చేయించాను. తొమ్మిది గీతలకు మూడు సెలవులు కోత, ఇకముందు ఇలా జరిగితే పైకి రాస్తామని. కట్టయ్య దాని కింద సంతకం పెట్టి ఇచ్చాడు.

శనివారం మధ్యాహ్నం మొదటి స్లైడు తయారైంది. మెదడు లోపల గొర్రెకొమ్ములా వంగి ఉండే భాగం ఒకటుంటుంది. దాని ముక్క అది. మైక్రోస్కోపు కింద పెట్టి, వాపు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాను. నా దోమల వైరసు గుర్తులు ఎలా ఉండాలో నాకు కంఠస్థం. అవేవీ లేవు. పెద్ద నరకణాలు వరసగా ఉన్నాయి. ఒక కణంలో, నడిమి చుక్కకు పక్కగా, కుంకుమ రంగులో గుండ్రటి బొట్టు. పక్క కణంలో రెండు. ఆ పక్కదానిలో ఇంకోటి. ఎక్కడ చూస్తే అక్కడ.

ఆ బొట్లు ఏమిటో రెండో ఏడు చదివే విద్యార్థి కూడా చెబుతాడు. పిచ్చి తప్ప ఇంకే రోగంలోనూ అవి రావు.

అద్దం మురికేమోనని తుడిచాను. ఇంకో స్లైడు పెట్టాను. అదే. కళ్లు పైకెత్తితే నా మణికట్టు కనిపించింది. గీత ఎప్పుడో మానిపోయింది. కానీ రెండు రోజులుగా అక్కడ దురద పెడుతోంది, చీమ పాకినట్టు. ఆ దురద గురించి కూడా పుస్తకంలో ఉంది. కరిచిన చోట చిమచిమ మొదలైతే ఇక మందు లేదని ఉంది.

నిజం చెబుతున్నాను, ముందు నా గురించే భయపడ్డాను. ఆ తర్వాతే కట్టయ్య గుర్తొచ్చాడు. నాలుక పట్టుకున్నది అతను. నేను వద్దన్న పరీక్షను అడిగింది అతను. నా నోటి దురుసుకు బలి అయ్యేది అతను. ఎన్ని రోజులైందో లెక్క చూడాలని రిజిస్టరు లాగాను. బుధవారం నుంచి గీతలు, ఒకదాని కింద ఒకటి, ఎర్రగా. పది. వేలు పెట్టి మళ్లీ లెక్కపెట్టాను. అప్పుడు కూడా ఆ ఆలస్యాలు ఎందుకో నాకు అర్థం కాలేదు.

వెనక పంపు దగ్గర కట్టయ్య సీసాలు కడుగుతున్నాడు. పరిగెత్తాను.

"కట్టయ్యా, ఆ దినం బర్రె నోట్ల చెయ్యి పెట్టినవు కద. వేళ్లకు గాయాలేమన్న ఉండెనా?"

"గడ్డి కోసే చెయ్యి. గాయాలు లేకుంట ఎట్లుంటయి సార్?"

"లే. ఇప్పుడే దవాఖానకు పోదాం. సూదులు... కట్టయ్యా, అది పిచ్చే. నేను..."

కట్టయ్య సీసా పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, చొక్కా పైకెత్తాడు. బొడ్డు చుట్టూ ఎర్రగా పొంగిన మచ్చలు. కొన్ని నీలంగా మారాయి. ఒకదాని మీద ఇంకా దూది అంటుకుని ఉంది.

"పదకొండయినయి సార్. ఇంక మూడున్నయి."

నా నోట వచ్చిన మాట ఇప్పటికీ నాకే అసహ్యం. "రిజిస్టర్ల పదే గీతలున్నయి," అన్నాను.

"నడుమ ఐతారం వచ్చె గద సార్. ఐతారం మీరు గీయరు."

ఆదివారం ఆఫీసుకు సెలవు, సూదికి లేదు. పంపు గట్టు మీద కూచున్నాను. అతను నా పక్కన నిలబడి, తొందర లేకుండా చెప్పాడు. వాళ్ల చెల్లె మల్లక్కను చిన్నప్పుడు పిచ్చికుక్క కరిస్తే ఇంట్లోవాళ్లు పసరు పోయించి ఊరుకున్నారట. నలభై రోజులకు నీళ్ల చెంబు చూసి ఆ పిల్ల గోడకెక్కినంత పని చేసిందట. అందుకని ఆ మంగళవారం జీపు దిగి, మర్నాడు తెల్లారగానే దవాఖాన లైన్లో నిలబడ్డాడు. చుట్టం అంటే రాజవ్వ. బర్రె పోయాక ఆమెను బస్సెక్కించుకొచ్చి, పద్నాలుగు సూదులు అయ్యేదాకా ఉండమని తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. గురువారం నీళ్లు తాగొస్తానని వెళ్లింది ఊళ్లో డప్పు చాటింపు వేయించడానికి. పాలు కాగబెట్టి తాగండి, చచ్చిన బర్రెల సొంగ అంటినవాళ్లు పట్నం దవాఖానకు పోండి అని. అలా వచ్చినవాళ్లు ఇంకో ఆరుగురు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పిన గద సార్. జీపుల చెప్పిన. ఈడ గాజు పలక కాడ చెప్పిన. మీరు బుక్కు సూపెట్టిన్రు." అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. "ఇంగ సూదులకని చెప్పి లేటుకు పర్మిషన్ అడిగితె, మల్ల బుక్కు తీత్తరు. ఎందుకు సార్, గీతలే నయమనిపిచ్చింది."

అప్పుడు అతని చూపు నా మణికట్టు మీద పడింది. నేను గోకుతున్నాను. అతని ముఖం మారింది.

"మీరు ఏపిచ్చుకోలేదా సార్?"

చొక్కా చెయ్యి కిందికి లాగి మణికట్టు కప్పుకున్నాను.

"డాక్టరు గద, ఇంట్లనే ఏసుకుంటాండ్రనుకున్న," అన్నాడు కట్టయ్య. నా చెయ్యి పట్టుకుని చొక్కా పైకి తోసి చూశాడు. "నోటితోని పిచ్చి కాదన్నా, లోపల్లోపల ఎరుకనే ఉంటదనుకున్న. ఇంత సదివినాయన ఏపిచ్చుకోకుంట ఎట్లుంటడు అనుకున్న సార్."

సూదుల గది పొద్దునపూటే తెరుస్తారు. ఆదివారం పొద్దున దాకా ఆగాలి. ఇంటికి వెళ్లి చెంబుతో నీళ్లు తాగాను. గొంతు దిగాయి. కాసేపటికి మళ్లీ తాగి చూశాను. దిగాయి. అలా ఎన్ని చెంబులు తాగానో. మింగగలిగితే ఇంకా బతికున్నట్టే లెక్క అన్నంత చవకబారుగా తయారయ్యాను. ఇంకో భయం కూడా ఉంది, అది చదివినవాడికి మాత్రమే ఉండే భయం. ఆ రోజుల్లో ఆ మందు గొర్రె మెదడుతో తయారయ్యేది. వేలమందిలో ఒకరికో ఇద్దరికో ఆ మందు వల్లే కాళ్లు పడిపోతాయి. అలాంటి కేసుల పేపర్లు నా బీరువాలో కట్టగా ఉన్నాయి. వేయించుకుంటే అది, వేయించుకోకపోతే ఇది. ఘన్‌పూర్‌లో నా భార్యకు నెలలు నిండాయి. పోగు తెగితే తెగిన్నాడే ముడెయ్యాలె, బట్ట దిగినంక ఏం జేత్తవురా అని మగ్గం మీద నుంచి మా నాయన అరిచేవాడు. పన్నెండు రోజులు. ఎంత బట్ట దిగిందో ఎవరికి తెలుసు.

ఆదివారం ఏడున్నరకే కట్టయ్య దవాఖాన మెట్ల దగ్గర ఉన్నాడు. లైనులో తన ముందు నాకోసం ఒక ఇటుక పెట్టి చోటు ఆపాడు. అతని వెనక రాజవ్వ, పొట్ట మీద చీర కుచ్చిళ్లు వదులుగా పట్టుకుని. నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"సారూ, నా బర్రె ఏంతోని సచ్చింది?"

వచ్చి చెబుతానని మాటిచ్చినవాణ్ని. ఆమే వచ్చి అడగాల్సి వచ్చింది. లైన్లో అందరూ వింటున్నారు.

"నువ్వు చెప్పిందే అవ్వా. పిచ్చి. నక్క పిచ్చే."

రాజవ్వ కోప్పడుతుందనుకున్నాను. ఆమె తల ఊపింది. కుచ్చిళ్లు సర్దుకుని అడిగింది. "గా ముక్క తెల్వనీకి గిన్ని దినాలు పట్టెనా కొడుకా?"

సూదుల గదిలో కాంపౌండరు లింగమూర్తి పుస్తకంలో పేరు, వయసు రాసుకున్నాడు. "ఏం కరిచింది?"

"ఏం కరువలే. బర్రె నోట్ల నేనే చెయ్యి పెట్టిన."

"పని?"

చెప్పాను. అతను కలం ఆపి కట్టయ్యను చూశాడు. కట్టయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "రాసుకో అన్నా," అన్నాడు అటే తిరిగి. "సార్‌కు గా దినం గ్లౌజులు లేకుండె."

చొక్కా ఎత్తి బల్ల మీద పడుకున్నాను. సూది పొడవు చూసి కళ్లు మూసుకున్నాను. మందు ఎక్కుతుంటే పొట్టలో నిప్పు పోసినట్టయింది. ఇదే నొప్పితో అతను తొమ్మిదింటికి వచ్చి నా బల్లలు జరిపాడు. ఇదే నొప్పికి నేను కల్లు అని పేరు పెట్టాను. కళ్లలో నీళ్లొచ్చాయి. అవి సూదివని లింగమూర్తి అనుకుని ఉంటాడు.

సోమవారం ఇద్దరం లైను ముగించుకుని, పొట్టలు పట్టుకుని నడుచుకుంటూ ల్యాబుకు వచ్చేసరికి తొమ్మిది. మొదట మెమో తీసి చింపాను. మూడు సెలవులు తిరిగి జమ చేస్తున్నట్టు రాసి సంతకం పెట్టాను. తర్వాత రిజిస్టరు తెరిచి ఎర్రకలం పట్టుకున్నాను. అతని పేరు పక్కన గీసిన పది గీతలను ఏంచేయాలో తెలియలేదు. కొట్టేస్తే ఇంకా ఎర్రగా కనిపిస్తాయి. కనీసం ఇవాళ నా పేరు పక్కన ఒకటి గీద్దామని పైనుంచి కిందిదాకా వెతికాను.

కట్టయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"దాంట్ల మీ పేరుండది సార్," అన్నాడు. "ఆఫీసర్ల పేర్లు రాయరు."

చీపురు తీసుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయాడు.

నాకు మిగిలిన పన్నెండు సూదులూ అయ్యాయి. తొమ్మిదో సూది నాడు కాళ్లు తిమ్మిరెక్కితే ప్రాణం పోయినంత పనైంది, అది ఒట్టి తిమ్మిరే. అక్టోబరులో నాకు కూతురు పుట్టింది. ఏడాది పాటు నీళ్లు తాగే ప్రతిసారీ గొంతు దగ్గర ఒక్క క్షణం ఆగేవాణ్ని. ఆ దోమల పేపరు రాయలేదు. రాజవ్వకు బ్యాంకు లోను మీద ఇంకో బర్రె వచ్చింది. సూదులు అయిపోయాక కట్టయ్య రిటైరయ్యేదాకా మళ్లీ ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు. నేను మాత్రం ఆ సోమవారం గంట ఆలస్యంగా వచ్చాను, అంతకుముందు పన్నెండు రోజులు ఆలస్యమయ్యాను. ఆ సంగతి ఏ రిజిస్టరులోనూ లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.